పూవు పూయని తీగె

నీళ్ళసీసాలో కాడ ముంచి పెంచే మనీప్లాంటును ఎరుగనివారు లేరు. పొరుగింటినుండి చెప్పకుండ తెచ్చి నాటిననే సిరి కలుగునని ఒక నమ్మకము. సిరిమాట ఎట్లున్నను, తీగె మాత్రము ముక్కముక్కగా ఇల్లిల్లు తిరిగి లోకమంతట వ్యాపించినది. విత్తనముతో దానికి పని పడలేదు.

ఇదే శాస్త్రజ్ఞులకు చిక్కు తెచ్చినది. మొక్క ఏ ప్రజాతికి చెందినదో నిర్ణయించుటకు పూవు ముఖ్యాధారము. ఇదేమో పూయదు! క్రీ.శ. 1880లో లిండెన్, ఆంద్రే అనువారు దీనిని పోతోస్ ఆరియస్ అన్నారు. 1908లో ఎంగ్లర్ సిండాప్సస్ ప్రజాతిలో చేర్చినాడు. 1960 తరువాత అరుదైన పూవు పరిశీలనకు దొరికినపిమ్మట మొదట రాఫిడోఫోరాలోనికి, 1964లో ఎపిప్రెమ్నమ్‌లోనికి మార్చినారు. ఆకును చూచి పెట్టిన పేరు కుదుటపడుటకు ఎనుబదినాలుగేండ్లు పట్టినదన్నమాట! స్వస్థలము విషయమునను ఇదే తికమక. సాలమన్ దీవులదని చాలకాలము వ్రాసినారు. తహితి చెంతనున్న మోరియా దీవిదని ఇప్పుడు అంగీకరించినారు.

పూయకపోవుటకు కారణము 2016లో తేలినది. జిబ్బరెలిన్ అను హార్మోను తయారీకి వలయు ఒక జన్యువు ఇందులో సరిగా పనిచేయదు. ఆ హార్మోనును పైనుండి చల్లగా తీగె పూచినది.

మరి వేళ్ళమాట ఏమి? కణుపుల వద్ద గోధుమవన్నె బుడిపెలను చూడండి. అవి వేళ్ళ మొలకలే. చిగురునుండి క్రిందికి దిగే ఆక్సిన్ కోతచోట నిలిచి వేళ్ళను ప్రేరేపించును. ఈ ఆక్సిన్‌ను 1928లో ఓట్ల మొలకల కొనలనుండి వెంట్ సేకరించినాడు. 1935లో అమెరికాలో జిమ్మర్‌మన్, విల్కాక్సన్‌లు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లము కొమ్మలకు వేళ్ళు పుట్టించునని చూపినారు. అంట్లు కట్టేవారు నేటికిని వాడే పొడి అదే. మనీప్లాంటుకు మాత్రము అది అక్కరలేదు.

కణుపుకు అరంగుళము క్రిందుగా కోసి, కణుపు మునుగునట్లు నీటిలో ఉంచవలెను. వేళ్ళకు ప్రాణవాయువు కావలెను గనుక నాలుగైదు దినములకొకసారి నీరు మార్చవలెను. ప్రక్కసీసాలో తొడిమతో కూడిన ఆకును మాత్రమే ఉంచి పోల్చి చూడండి. మా విద్యార్థి ఒకడు అట్లే చేసినాడు. ఆకు నెలల తరబడి పచ్చగానే ఉన్నది, వేళ్ళు కూడ వేసినది. కాని మొగ్గ ఉండేది కణుపులోనే గనుక, దానినుండి తీగె రానేలేదు.