పట్టణోద్ధరణమును బీదల గృహములును

మురికివాడను పడగొట్టి, దానిచోట చక్కని మేడలు కట్టించుట యెల్లర కంటికి గోచరించు సత్కార్యము. ఆ మేడలలో నెవరు కాపురముండిరి, పూర్వమచట నుండినవా రెక్కడికి పోయిరి అను సంగతి యట్లు గోచరింపదు. అది యడిగి తెలిసికొనవలసినది. అడుగవలసినవారు ప్రజలచే నెన్నుకొనబడిన సభ్యులు. వా రడుగనిచో నేమగునో లండను నగరచరిత్రము మనకు బోధించుచున్నది.

ఆ నగరమునకు తూర్పుభాగమున, షోర్‌డిచ్, బెత్నల్ గ్రీన్ పేటల నడుమ ఓల్డ్ నికల్ అను వాడ యొకటి యుండెను. అచటి యిరుకు సందులలో దాదాపు ఆరువేలమంది బీదలు, పలుచోట్ల కుటుంబమంతయు నొక్క గదిలోనే, కాలము గడపుచుండిరి. మరణములు చుట్టుపట్ల పేటలలోకంటె రెట్టింపుగ నుండెను. నాడు స్థానిక పరిపాలనము వెస్ట్రీలను పేటసభల చేతిలో నుండెను. అనారోగ్యకరములైన యిండ్లను బాగుచేయించు నధికారము వానికి లేకపోలేదు. అయినను 1884-85 సంవత్సరములలో శ్రామికుల గృహస్థితిని విచారించిన రాయల్ కమీషను నెదుట నొక రహస్యము బయల్పడెను. కొన్ని పేటసభలలో నట్టి పాడుయిండ్లను అద్దెలకిచ్చి లాభము గొనువారే సభ్యులై కూర్చుండిరి. క్లెర్కెన్‌వెల్ పేటసభ యిందులకు పేరుమోసెను. దోషియే న్యాయాధిపతి యైనచోట తీర్పు వేరొకవిధముగ నుండునా?

1889వ సంవత్సరమున లండన్ కౌంటీ కౌన్సిలు ఏర్పడెను. మరుసటి యేడు శ్రామిక గృహనిర్మాణ చట్టము పుట్టెను. ఈ రెంటి బలమున కౌన్సిలువారు నికల్ వాడను పూర్తిగ తొలగింప నిశ్చయించిరి. ఓవెన్ ఫ్లెమింగ్ మొదలగు యువ శిల్పులు నూతన నిర్మాణమునకు పూనుకొనిరి. పడగొట్టిన యిండ్ల శిథిలములను నడుమ గుట్టగా పోసి దానిపై తోట వేసిరి. ఆ గుట్టనుండి నలుదెసలకును వెడల్పైన వీథులు తీసి, వాని వెంట ఎఱ్ఱయిటుకల భవనములు కట్టిరి. గాలియు వెలుతురును ప్రతి గదికిని లభించునట్లు చేసిరి. బౌండరీ ఎస్టేటు అను నా గృహసముదాయమును 1900వ సంవత్సరము మార్చినెలలో వేల్సు యువరాజు ప్రారంభించెను. నేటికిని అది చెక్కుచెదరక నిలిచియున్నది. ఇంతవరకు కథ శ్లాఘనీయమే.

ఇక రెండవ వైపు చూతము. ఆ వాడనుండి తొలగింపబడినవారు 5,719 మంది. క్రొత్త యిండ్లలో చోటు దొరకినవారు పదునొకండుగురు మాత్రమే! కౌన్సిలువారు దుర్మార్గులు కారు. కాని నిర్మాణ వ్యయము పన్ను చెల్లించువారిపై పడరాదనియు, అద్దెలవలననే యది తీరవలెననియు వారు నియమము చేసికొనిరి. అట్టి అద్దె స్థిరమైన జీతముగల నిపుణులైన పనివారికిని గుమాస్తాలకును తగినది గాని, తోపుడుబండిమీద సరకులమ్మి యేరోజు కూలి ఆరోజు తినువానికి తగినది కాదు. పైగా క్రొత్త యిండ్లు సిద్ధమగునంతవరకు పాతవారు వేచియుండుటకు తావు లేదు. వారు దగ్గరి వీథులలో జొరబడి, అచటి గదులను మరింత యిరుకు చేసిరి. మురికివాడ నశింపలేదు. చోటు మారినది, అంతియే.

ఈ పాఠము నేర్చుటకు చాలకాలము పట్టెను. 1919వ సంవత్సరపు చట్టముచే ప్రభుత్వము గృహనిర్మాణమునకు ధనసహాయము చేయసాగెను. అయినను నిరుపేదలకు ఆ యిండ్ల అద్దెలును భారమే యయ్యెను. తుదకు 1930లో ఆర్థర్ గ్రీన్‌వుడ్ మంత్రిగ నుండగా వచ్చిన చట్టమునందు లెక్కించు విధమే మారెను. మురికివాడలనుండి తెచ్చి క్రొత్త యింట నుంచిన ప్రతి మనుష్యునికి ఏడాదికి 2 పౌండ్ల 5 షిల్లింగుల చొప్పున, నలువది యేండ్లు, స్థానిక సభలకు ప్రభుత్వసహాయము లభించునట్లు విధింపబడెను. పేదవారి యద్దె తగ్గించుటకును సభలకు వీలు కలిగెను. ఇటుకలను గాక మనుష్యులను లెక్కించు పద్ధతి యిట్లు చట్టములోనికి వచ్చెను.

ఇటీవలి కాలమున, 2000వ సంవత్సరపు స్థానిక పరిపాలన చట్టము మరియొక మెట్టెక్కెను. కార్యనిర్వాహక వర్గమేర్పరచుకొనిన స్థానిక సభలలో, ఆ వర్గమునకు చేరని సభ్యులతో పరిశీలక సంఘములుండవలెనని యది శాసించెను. అధికారులను పిలిచి ప్రశ్నించుటకును, తీర్మానమును మరల యోచింపుడని కోరుటకును వానికి హక్కు గలదు, రద్దుచేయు హక్కు లేదు. కావున వాని బలమంతయు ప్రశ్నలోనే యున్నది. ఆ ప్రశ్న సూటిగ నుండవలెను. ఏలయన, 2011 మొదలు ఇంగ్లండులో "అందుబాటు అద్దె" యను పేరితో బజారు అద్దెలో నూటికి 80 వంతులవరకు వసూలుచేయ వీలు కలిగెను. బజారు అద్దెయే మిన్నంటుచోట అందులో నూటికి 80 వంతులు ఎవరి కందుబాటులో నుండును? పేరును చూచి తృప్తిపడిన సభ్యుడు తన పని చేసినవాడు కాడు.

పట్టణ పునర్నిర్మాణమునకు పూనుకొను ప్రతి సభయు, పటమును చూచుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఇచట నిపుడున్న వారెందరు? పని ముగియువరకు వా రెచట నుందురు? వారు తిరిగి వచ్చునపుడు అద్దె యెంత? వీనికి సమాధానము లేని పథకము ఎంత సుందరమైనను, అది వాడను బాగుచేయును గాని వాడలోనివారిని కాదు. 5,719 మందిలో పదునొకండుగురు! ఈ లెక్కను పాలకులును, వారి నెన్నుకొను మనమును మరువకుందుము గాక.