ప్రకృతి ప్రయోజనాల వర్గీకరణ: చారిత్రక పరిశీలన

అడవి సమాజానికి ఏమిస్తుంది? ఈ ప్రశ్నకు అన్ని కాలాల్లోనూ ఒకే జవాబు రాలేదు. జవాబును బట్టి చట్టాలు, చట్టాలను బట్టి ప్రజల హక్కులు మారాయి. ఈ భాగం చదివేటప్పుడు ఈ సంబంధాన్ని గుర్తుంచుకోండి.

వలస పాలకుల దృష్టిలో అడవి ప్రధానంగా కలప నిల్వ. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు టేకు, సాల, దేవదారు కావలసివచ్చాయి. 1864లో అటవీ శాఖ ఏర్పడింది. 1878 చట్టం అడవులను రిజర్వు, రక్షిత, గ్రామ అడవులుగా విభజించింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1882లో విడిగా చట్టం వచ్చింది. అటవీ శాఖ లెక్కల్లో కలప, వంటచెరకు ‘ప్రధాన ఉత్పత్తులు’. తేనె, జిగురు, ఆకులు, కాయలు ‘చిన్న ఉత్పత్తులు’. ఇక్కడ కొలమానం ఖజానాకు చేరే రాబడి అని గమనించండి. మన్యంలోని గిరిజన కుటుంబానికి ఆ ‘చిన్న’ వస్తువులే తిండి, మందు, సంతకు తీసుకువెళ్ళే సరుకు. పోడు మీద, అడవి వాడకం మీద పెట్టిన ఆంక్షలు 1922-24 మన్యం తిరుగుబాటుకు గల ముఖ్య కారణాలలో ఒకటి.

2005లో వెలువడిన సహస్రాబ్ది ఆవరణ వ్యవస్థల మదింపు ఈ దృష్టిని విస్తరించింది. ప్రకృతి సేవలను అది నాలుగు వర్గాలు చేసింది:

1. సమకూర్పు సేవలు: ఆహారం, నీరు, కలప.
2. నియంత్రణ సేవలు: వరదల అదుపు, పరాగ సంపర్కం.
3. సాంస్కృతిక సేవలు: ఆరాధన, విహారం, విజ్ఞానం.
4. ఆధార సేవలు: నేల ఏర్పడటం, పోషకాల చక్రం. మిగిలిన మూడూ వీటిపైనే నిలుస్తాయి.

ఖజానా లెక్కకు అందని ప్రయోజనాలకు దీనితో ఒక పేరు, ఒక స్థానం దక్కాయి. పరిశీలించిన 24 సేవలలో 15 క్షీణిస్తున్నాయని కూడా ఆ మదింపు తేల్చింది. అయితే ఏ సేవ ఏ వర్గానిదో ఈ పట్టిక చెబుతుంది గాని, దానిపై హక్కు ఎవరిదో చెప్పదు. మన దేశంలో ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి 2006 అటవీ హక్కుల చట్టం ప్రయత్నించింది. తరతరాలుగా సేకరిస్తున్న ఉత్పత్తులపై అడవిలో నివసించేవారి యాజమాన్యాన్ని గుర్తించింది. కాని ఆ చట్టంలోనూ వాటి పేరు ‘చిన్న అటవీ ఉత్పత్తులు’ అనే ఉంది. పాలన మారినా పాత వర్గీకరణ భాషలో మిగిలిపోవచ్చు.

అభ్యాసం: మీ ఊరి చెరువు ప్రయోజనాలను పై నాలుగు వర్గాల కింద రాయండి. ఒక్కొక్కటి ఎవరికి అందుతున్నదో, ఎవరికి అందడం లేదో ఎదురుగా పేర్కొనండి.