బంగాళాఖాతమున ప్రాణరక్షక విమానములు

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. ఆ దినములలోనే బంగాళాఖాతమున పెక్కు వర్తకనౌకలు మునిగెను. నడిసంద్రమున పడినవారిని కాపాడుటెట్లు? ఓడ చేరునప్పటికి కాలము మించవచ్చును. సామాన్య విమానము నీటిపై వ్రాలజాలదు. ఈ కొరత తీర్చగలది వాల్రస్ అను ఉభయచర విమానము. స్పిట్‌ఫైర్‌ను రూపొందించిన ఆర్. జె. మిచెలే దీనికిని రూపకర్త. పడవవంటి అడుగుభాగముతో నీటిపై వ్రాలును. చక్రములు దించి నేలపై దిగును. అలలు పెరిగినచో మరల పైకి లేచుట కష్టము. బ్రిటిషు వైమానికదళము ఈ రక్షణకార్యమునకై 292వ స్క్వాడ్రన్‌ను నేటి బంగ్లాదేశములోని జెస్సూరులో 1944 ఫిబ్రవరిలో నెలకొల్పెను. మద్రాసు చెంత రెడ్‌హిల్స్ చెరువునుండి కాటలీనా విమానములును సముద్రముపై గస్తీ తిరిగెను. మునిగిన ఓడల లెక్కయే కాదు, మునుగువారిని వెదకిన ఈ యత్నమును మన తీరచరిత్రలో చేరవలయును.