కృప – క్రమశిక్షణ: కరీంనగర్ ప్రాంత క్రైస్తవ సంఘాల వెస్లియన్ వారసత్వం

ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు కరీంనగర్ జిల్లాలోనివి. నిజాం రాజ్యంలో భాగమైన ఈ జిల్లాలో పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ పని ప్రారంభించింది. ఆ మిషన్ బోధకు కేంద్రం కృప; సంఘ నిర్మాణానికి ఆధారం క్రమశిక్షణ. అర్హత చూడకుండా లభించేదే కృప అయినప్పుడు ప్రవర్తనా నియమాల స్థానమేమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

వెస్లీ ఏర్పాటు

1742లో బ్రిస్టల్ నగరంలో ప్రార్థన మందిరపు అప్పు తీర్చేందుకు జాన్ వెస్లీ అనుచరులు సభ్యులను సుమారు పన్నెండు మంది చొప్పున విభజించి, వారానికొక పెన్నీ వసూలు చేయసాగారు. చందాకై ఇళ్లకు వెళ్లిన నాయకులకు కొందరి నడవడిలోని లోపాలు కంటబడ్డాయి. దాంతో వసూలు గుంపులే పరస్పర పరామర్శ కూటాలయ్యాయి. 1743లో వెస్లీ ప్రకటించిన సామాన్య నియమాలు మూడు: కీడు చేయకపోవడం, మేలు చేయడం, దైవారాధన విధులను పాటించడం. సంఘంలో చేరడానికి మాత్రం రక్షణ పొందాలన్న కోరిక ఒక్కటే చాలు. నియమాలు ప్రవేశానికి షరతులు కావు. ఆ కోరిక నిజమైనదని చూపే ఫలాలు. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు కృపనే శిక్షణ ఇచ్చే గురువుగా చెప్పడం ఈ క్రమానికి మూలం.

స్థానిక సందర్భం

తెలంగాణ పల్లెల్లో ఈ మిషన్ ద్వారా క్రైస్తవం స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. తరతరాలుగా గుడి గడప తొక్కనివ్వని సమాజంలో, ముందస్తు అర్హత అడగని కృప వారికి సిద్ధాంతం మాత్రమే కాదు, గౌరవ ప్రకటన. ప్రవర్తనను ప్రవేశార్హతగా మార్చితే పాత గడపే కొత్త పేరుతో మళ్లీ లేస్తుంది.

అయితే నియమాల ఆచరణ అందరికీ ఒకే బరువు కాదు. ఆదివారపు ఆరాధనకు రావాలంటే మనిషి కాలం అతని చేతిలో ఉండాలి. వెట్టి చేసేవాని కాలం దొరది. మత్తు పానీయాలను వెస్లీ నియమాలు నిషేధించాయి. పెళ్లిలోనూ చావులోనూ కల్లు పంచుకునే పల్లెలో ఆ నిషేధం బంధువర్గంతో తెగతెంపులకు దారితీయగలదు. అందువల్ల లోపాన్ని చూసి వేటు వేయడానికి ముందు ఆ మనిషి స్థితిని ఎరగడం అవసరం. ఇంటింటికీ వెళ్లే పరామర్శ పద్ధతిలో అందుకు అవకాశం ఉంది.

దోర్నకల్ పోలిక

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందేవారు తలపై చేయి వేసుకొని సువార్త ప్రకటన తమ బాధ్యతని పలికే ఆచారాన్ని నెలకొల్పారు. ఇందులోనూ స్వీకరణ ముందు, బాధ్యత తరువాత. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆంగ్లికన్, మెథడిస్టు ధారలు కలిశాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది.

ముగింపు

కృపను, క్రమశిక్షణను త్రాసులో సమంగా తూచడం ఈ వారసత్వపు ఉద్దేశం కాదు. వాటి వరుసను కాపాడటమే ముఖ్యం. వరుస తారుమారైతే సంఘం తీర్పరి అవుతుంది. క్రమశిక్షణ పూర్తిగా లోపిస్తే, తాగుడు వల్ల నష్టపోయే ఇల్లాలికీ పిల్లలకూ సంఘం వల్ల ఒరిగేదేమీ ఉండదు.