ఎన్నూరు బూడిదలో ఆనందభైరవి

చిత్తూరు కొండలలో బుట్టిన నగరి యేటిని పూండి జలాశయము కడ తనలో గలుపుకొని కొసస్థలై నది సముద్రమును చేరు తావు, పెదగంజాము నుండి తీరము వెంబడి సాగివచ్చిన బకింగుహాము కాలువ దక్షిణమునకు దాటిపోవు తావు, చెన్నపట్టణమునకు ఉత్తరమున నున్న ఎన్నూరు ఉప్పుటేరు. మడచెట్ల వేళ్ళ నడుమ బురదలో చేతులతో తడవి రొయ్యలు పట్టు ఇరుళ తెగవారును, వలలు వేయు జాలరులును తరతరములుగా దానినే నమ్ముకొని బ్రదుకుచుండగా, గత శతాబ్దపు ఉత్తరార్ధమున అచ్చట థర్మల్ విద్యుత్కేంద్రములు వెలసెను. బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీట గలిపి గొట్టముల గుండ బూడిద చెరువునకు పంపుదురు. ఆ గొట్టములు కారిన చోటనెల్ల బూడిద యేటి గర్భమున పేరుకొని, ఏరు పూడసాగెను. దీపము నగరమునకు, బూడిద పల్లెకు అన్నట్లయ్యెను.

ఇట్టి మొరను పాటగా గట్టి, దానికి దృశ్యమును జోడించి లోకమునకు వినిపించు సంప్రదాయము మన దేశమున ఇటీవలిదే. ఒడిషాలోని కాశీపురమున బాక్సైటు గనుల నెదిరించిన ఆదివాసుల నాయకుడు భగవాన్ మాఝీ పాట ప్రేరణగా కె.పి. శశి ‘గావ్ ఛోడబ్ నహీ’ అను వీడియోను నిర్మించెను. 2015లో సోఫియా అష్రఫ్ అను చెన్నై యువతి, అమెరికా గాయని నిక్కీ మినాజ్ పాట వరుసలో, కొడైకెనాల్ థర్మామీటర్ల కర్మాగారము విడిచిన పాదరసమును గూర్చి ర్యాప్ పాడగా లక్షలాది జనులు చూచిరి. 2001లోనే మూతపడిన ఆ కర్మాగారపు పూర్వ కార్మికులు 591 మందితో, దానిని నడపిన హిందుస్థాన్ యూనిలీవర్ సంస్థ 2016 మార్చిలో ఒప్పందమునకు వచ్చెను. ఇది కేవలము పాట మహిమ యనుట కార్మికుల దీర్ఘపోరాటమునకు అన్యాయము చేయుట యగును. అయినను ఏండ్ల తరబడి వినతిపత్రములలో మఱుగుపడియున్న వారి గోడును దేశము చెవిని వేసినది ఆ పాటయే.

2017 జనవరిలో వెలువడిన ‘చెన్నై పొరంబోకు పాడల్’ నా దృష్టిలో వీనియన్నిటిలో మిన్న. కబేర్ వాసుకి చెన్నపురి వీథులలోని వాడుక తమిళమున వ్రాయగా, ఆర్.కె. శ్రీరామకుమార్ ఆనందభైరవి, బేగడ, హమీర్ కల్యాణి, దేవగాంధారి మొదలగు రాగముల మాలికగా కూర్చగా, కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ పాడెను, రతీంద్రన్ ప్రసాద్ చిత్రించెను. త్యాగరాజస్వామి తెలుగు కృతులతో సభామందిరములలో వినుటకు మన మలవాటుపడిన ఆ రాగములు ఇందు బూడిద మేటల నడుమ, గొట్టముల ప్రక్కన వినవచ్చును. గాయకుడు ఒకచో ముఖమునకు కాలుష్యమునుండి కాచు ముసుగు ధరించి కన్పట్టును. ఎవ్వరి సొత్తును గాక అందఱికి నుపయుక్తమగు చెరువులు, మేతబీళ్ళు, ఏటిగట్లు మున్నగు ఉమ్మడి నేలను, అనగా పొరంబోకును, పనికిమాలినదని యెంచి కట్టడములతో నింపుట చేతనే 2015 నాటి వఱదలు చెన్నపురిని ముంచెనని ఆ పాట హెచ్చరించుచున్నది. కచ్చేరీలో దీపములు వెలిగించిన విద్యుత్తు ఎచ్చట బూడిదను మిగిల్చినదో రసికులకు కన్నులార చూపిన పాట మఱొకటి నే నెఱుగను. మితముగ వాడుకొనుడని వేయి ప్రకటనలు చెప్పినను కలుగని సిగ్గు, బేగడ రాగము వెనుక ఆ బూడిద కనబడగానే కలుగును. శ్రవ్యమునకు దృశ్యము తోడగుట వలని బల మిదియే.

పాట వెలువడిన ఆ నెలలోనే, 28వ తేదీన, ఎన్నూరు చేరువ రెండు ఓడలు ఢీకొని, తీరమెల్ల చమురుతో నల్లబడెను.

మన తెలుగునాటను ఇబ్రహీంపట్నమున విద్యుత్కేంద్రపు బూడిద చెరువులున్నవి. కొల్లేటిని చేపలచెరువుల గట్లు ఆక్రమించినవి. సంగీతమునకు పుట్టినిల్లని చెప్పుకొను మన నేలపై విద్వాంసులకు కొదువ లేదు. వారిలో నొక్కరైనను ఈ సంవత్సరము సభా వేదిక దిగి, కొల్లేటి గట్టున నిలిచి, అచ్చటి జనుల మాటలలో అచ్చటి నీటిని గూర్చి పాడవలెనని నా ప్రార్థన.