ఆడేది ఒకరు, చూసేది కోట్లమంది

వీడియోగేమ్ పార్లర్ల కాలంలో రూపాయి బిళ్ల ఉన్నవాడు ఆడేవాడు, లేనివాళ్లు వాడి వెనక చేరేవాళ్లు. "దూకరా, చచ్చిపోతావ్" అన్న సలహాలన్నీ ఆ వెనక గుంపువే. పక్కవాడి ఆట చూడటంలో ఉన్న ఆ సరదాయే ఇవాళ గేమింగ్ చానళ్లకు పెట్టుబడి.

దాన్ని ముందుగా టీవీకెక్కించినవాళ్లలో జపానువాళ్లున్నారు. 2003లో ఫుజి టీవీ ‘గేమ్ సెంటర్ సీఎక్స్’ మొదలుపెట్టింది. షిన్యా అరినో అనే కమెడియన్ పాత ఆటల ముందు కూర్చుని, గట్టెక్కేదాకా తంటాలు పడేవాడు. ఆయన ఆటలో మొనగాడేం కాదు. ఓడినప్పుడల్లా ఆయన పడే అవస్థే జనానికి నచ్చింది.

ఇంటర్నెట్‌లో ఈ ముచ్చట అమెరికాలోని ‘సమ్‌థింగ్ ఆఫుల్’ సైట్‌లో రూపు దిద్దుకుంది. ఆడుతూ ఆడుతూ స్క్రీన్‌షాట్ తీయడం, కింద నాలుగు చమత్కారపు ముక్కలు రాయడం, తర్వాత ఎటు వెళ్లాలో చదివేవాళ్లను అడగడం! వీటికి ‘లెట్స్ ప్లే’ అని పేరు. 2007లో ఆ సైట్ సభ్యుడు మైకేల్ సాయర్ ‘ది ఇమ్మోర్టల్’ ఆటకు తన గొంతు జోడించి వీడియోగా పెట్టాడు. మొదటి వీడియో లెట్స్ ప్లే అదేనని చెబుతారు.

అదే ఏడాది యూట్యూబ్ ప్రకటనల రాబడిలో చానళ్లకు వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. జస్టిన్ కాన్ అనే యువకుడు టోపీకి కెమెరా తగిలించుకుని తన జీవితాన్ని రాత్రింబవళ్లు ప్రసారం చేసిన జస్టిన్ టీవీ కూడా 2007లోనే పుట్టింది. అందులో ఆటల విభాగానికి గిరాకీ పెరిగి, 2011లో ట్విచ్‌గా వేరుపడింది. మూడేళ్లకు అమెజాన్ దాన్ని దాదాపు 97 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇటు యూట్యూబ్‌లో హారర్ ఆటలకు కేకలు పెడుతూ పేరు తెచ్చుకున్న స్వీడన్ కుర్రాడు ప్యూడీపై 2013లో సబ్‌స్క్రైబర్లలో ప్రపంచంలోనే మొదటిస్థానానికి చేరాడు. 2019లో ఆయన్ని దాటేసింది మన టీ-సిరీస్.

ఆటలు తయారుచేసే కంపెనీలు మొదట దీన్ని ఓర్చుకోలేదు. 2013లో నింటెండో తన ఆటల వీడియోలపై వచ్చే ప్రకటనల డబ్బు తనదేనంది. 2018 చివర్లో గానీ పట్టు సడలించలేదు. మైన్‌క్రాఫ్ట్ మాత్రం చానళ్లకు తలుపులు తెరిచి లాభపడింది. ఆ ఆట వీడియోల వ్యూస్ లక్ష కోట్లు దాటాయని 2021 డిసెంబరులో యూట్యూబ్ ప్రకటించింది.

మన దగ్గర కథ 2016లో జియో రాకతో, 2018లో పబ్‌జీ మొబైల్‌తో ఊపందుకుంది. ఆడే ఫోనే స్టూడియో అయింది. తెలుగు స్ట్రీమ్ ఒకటి తెరవండి: "అన్నా, మేడ మీద ఒకడున్నాడు", "నాక్ అయ్యా, రివైవ్ ఇవ్వురా" అన్న కేకల మధ్యే డబ్బు కట్టి సూపర్‌చాట్ పంపినవాడి పేరు చదివి థ్యాంక్స్ చెబుతుంటారు. ఆట మీద ఒక కన్ను, చాట్ మీద ఒక కన్ను. 2020 సెప్టెంబరులో పబ్‌జీపై నిషేధం పడింది. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో స్టోర్లలోంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఒకే ఆటను నమ్ముకున్న చానళ్లకు ఇవి గడ్డురోజులు.

మరి ఆదరణ ఇంకా పెరుగుతోందా? లాక్‌డౌన్ల ఏడాది 2020లో యూట్యూబ్‌లో గేమింగ్ వీడియోలను 10,000 కోట్ల గంటలు చూశారు, 4 కోట్లకు పైగా చానళ్లు చురుగ్గా నడిచాయి. అంతటి ఉప్పెనను మామూలు రోజులతో పోల్చలేం. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ తన స్ట్రీమింగ్ వేదిక ‘మిక్సర్’ను మూసేసింది. ఖర్చులు భరించలేక ట్విచ్ 2024లో దక్షిణ కొరియా వదిలింది. చూసేవాళ్లు ఎక్కడికీ పోలేదు, కొత్తగా వచ్చేవాళ్లకే చోటు ఇరుకైంది. ఆట మారినా జనం వచ్చేది మాటకారి వెనకే. అరినో కాలం నుంచీ ఇదే లెక్క.

చానల్ పెట్టాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. వ్యూస్ రాని రోజుల్లో బెట్టింగ్ యాప్‌వాళ్లు డబ్బు ఆశ చూపుతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన 2025 నాటి కేంద్ర చట్టం ప్రకారం వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ సొమ్ము జోలికి పోకండి.