పక్షవాతం తరువాతి దిగులుకి రక్తపరీక్ష ఉందా?



పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. షుగరుకి ఉన్నట్టు దీనికీ ఒక రక్తపరీక్ష ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. ఎందుకంటే నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, నీరసం పక్షవాతం వల్లా రావచ్చు, దిగులు వల్లా రావచ్చు. మాట పడిపోయిన మనిషైతే నోరు విప్పి చెప్పుకోలేరు కూడా. ఆ పరీక్ష కోసం జరిగిన వెతుకులాట గురించి ఈ వారం చెబుతాను. నేను వైద్యుణ్ణి కాను, కంప్యూటర్ల ఉద్యోగిని. చదివి తెలుసుకున్నదే మీతో పంచుకుంటున్నాను.

"కాలూ చెయ్యీ పడిపోతే దిగులు రాదా మరి?" అని మనం అంటాం. 1977లో అమెరికాలో ఫోల్‌స్టీన్ బృందం 20 మంది పక్షవాత రోగులను, కదలడానికి అంతే ఇబ్బందిపడే 10 మంది ఎముకల రోగులతో పోల్చి చూసింది. మొదటివారిలో 9 మందికి డిప్రెషన్ కనిపిస్తే, రెండోవారిలో ఒక్కరికే కనిపించింది. చిన్న లెక్కే అయినా, మెదడుకి తగిలిన దెబ్బలోనే ఏదో ఉందన్న అనుమానం బలపడింది.

1980లలో రాబర్ట్ రాబిన్సన్ బృందం, మెదడు ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ తగిలితే డిప్రెషన్ ఎక్కువని చెప్పింది. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, అందుకు ఆధారం లేదని తేల్చింది.

1981లో బెర్నార్డ్ కారొల్ బృందం డిప్రెషన్‌కి ఒక పరీక్ష ప్రకటించింది. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ తగ్గిందా లేదా అని చూడడమే ఆ పరీక్ష. పక్షవాత రోగుల మీదా ప్రయత్నించారు. కానీ ఒంట్లో పెద్ద జబ్బుంటే దిగులు లేకపోయినా కార్టిసాల్ తగ్గకపోవచ్చు. అలా అదీ నిలవలేదు.

1997లో జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం, మెదడులోని సన్నని రక్తనాళాలు పాడవడం వల్ల ముసలితనంలో డిప్రెషన్ రావచ్చని ప్రతిపాదించింది. ఎం.ఆర్.ఐ.లో తెల్లమచ్చలు కనిపిస్తాయి. అయితే హాయిగా ఉన్న పెద్దవాళ్ళలోనూ అవి కనిపిస్తాయి! తరువాత వాపుకి సంబంధించిన పదార్థాలూ, బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రొటీనూ, సెరటోనిన్ జన్యువూ పరిశోధనకి వచ్చాయి. గుంపుల సగటుల్లో తేడాలు కనిపించాయి గానీ, ఒక్క మనిషిని చూపించి "ఈయనకుంది" అని చెప్పగలిగే పరీక్ష మాత్రం రాలేదు.

పోనీ, అందరికీ మందిచ్చేస్తే? బ్రిటన్‌లో 3,127 మంది మీద జరిపిన ఫోకస్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఫ్లుఆక్సెటిన్ వాడినవాళ్ళలో కొత్తగా డిప్రెషన్ తగ్గింది, ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి మందు ఎవరికి అవసరమో ముందు గుర్తించాల్సిందే.

ఇప్పటికీ డాక్టర్లు గుర్తించేది ప్రశ్నలు అడిగే. గత రెండు వారాల్లో దిగులుగా ఉంటోందా? ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? మాట రానివాళ్ళకైతే దగ్గరుండి చూసుకునేవాళ్ళను అడుగుతారు.

మనం ఊరికి ఫోన్ చేసి బీపీ ఎంతుంది, మాత్ర వేసుకున్నారా అని అడుగుతాం. "బాగానే ఉన్నానురా" అంటే పెట్టేస్తాం. ఈసారి ఆ రెండు ప్రశ్నలూ అడగండి. అవునంటే డాక్టరుకి చూపించండి, చికిత్స ఉంది. బతకాలని లేదన్న మాట వినిపిస్తే ఆ రోజే చూపించండి. రక్తపరీక్ష వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

సెలవు.